డబ్బు దారిని బట్టే అర్హత: అమెరికా ఊళ్లు, కౌంటీలు ఇచ్చే కళా గ్రాంట్ల నిబంధనలు

2025 ఏప్రిల్‌లో అమెరికా మానవీయ శాస్త్రాల జాతీయ నిధి వెయ్యికి పైగా గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. రాష్ట్రాల్లోనూ ఇతర ప్రాంతాల్లోనూ ఉన్న 56 మానవీయ శాస్త్రాల మండళ్లకు అందాల్సిన సొమ్ము కూడా అందులో ఉంది. మే మొదట్లో జాతీయ కళల నిధి నుంచీ అలాంటి రద్దు లేఖలే వెళ్లాయి. అప్పటి నుంచి చిన్న సంస్థలు, నాట్య పాఠశాలలు, సాహిత్య బృందాలు నగరం, కౌంటీ (మన జిల్లా లాంటిది), టౌన్ స్థాయి గ్రాంట్ల వైపు ఎక్కువగా చూస్తున్నాయి. అక్కడి తెలుగు సంఘాలు, కూచిపూడి గురువులు, సాహిత్య వేదికలు కూడా వీటిలో ఉన్నాయి.

స్థానిక గ్రాంట్లకు మాత్రం దేశమంతటికీ వర్తించే ఒకే నిబంధన లేదు. ఒక ఊళ్లో వ్యక్తి నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, పక్క నగరంలో సంస్థలకే అవకాశం. ఒకచోట సాహిత్యం కళల జాబితాలో ఉంటుంది, మరోచోట ఉండదు. ఒక కౌన్సిల్ ప్రేక్షకులు ఆ ఊరివాళ్లేనా అని అడుగుతుంది, ఇంకొక నగరం బయటి ఊళ్ల నుంచి ఎంతమంది వస్తారని అడుగుతుంది. పైకి పొంతన లేనట్టు కనిపించే ఈ తేడాల వెనక ఒక స్పష్టమైన కారణం ఉంది.

క్లుప్తంగా

గ్రాంటు సొమ్ము ఏ పన్ను నుంచి, ఏ చట్టం కింద వస్తుందో అదే అర్హతను నిర్ణయిస్తుంది. సాధారణ బడ్జెట్ నుంచి వచ్చే డబ్బు స్థానికులకు ఏం మేలు జరుగుతుందని అడుగుతుంది. హోటల్ పన్ను నుంచి వచ్చేది పర్యాటకుల లెక్క అడుగుతుంది. ఓటర్లు ఆమోదించిన ప్రత్యేక అమ్మకం పన్ను సంస్థ ప్రధాన లక్ష్యాన్ని పరీక్షిస్తుంది. మతం, వీసా, పన్ను హోదా, ఖర్చుల రకం అనే నాలుగు విషయాలు దాదాపు అన్నిచోట్లా అడ్డు వస్తాయి.

ఊరి కౌన్సిల్ చేతిలో రాష్ట్రం డబ్బు: మసాచుసెట్స్

కళలు, మానవీయ శాస్త్రాలు రెండింటినీ ఊరి స్థాయికి తీసుకెళ్లిన పద్ధతుల్లో బాగా పాతుకుపోయినది మసాచుసెట్స్‌ది. ఆ రాష్ట్రంలో 351 నగరాలు, టౌన్లు ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి 329 స్థానిక సాంస్కృతిక కౌన్సిళ్లు పనిచేస్తున్నాయి. కొన్ని చిన్న టౌన్లు కలిసి ఒకే ప్రాంతీయ కౌన్సిల్ పెట్టుకోవడం వల్ల సంఖ్యలో ఆ తేడా. ఈ ఏర్పాటు ఒకప్పటి ఆర్ట్స్ లాటరీ నుంచి పుట్టింది. 1990లో ఆర్ట్స్ లాటరీ కౌన్సిల్‌ను, రాష్ట్ర కళా మానవీయ శాస్త్రాల మండలిని కలిపి మసాచుసెట్స్ కల్చరల్ కౌన్సిల్‌గా చేశారు.

రాష్ట్ర శాసనసభ ఏటా కేటాయించే సొమ్మును ఈ మండలి జనాభా, ఆస్తి విలువల ఆధారంగా ఊళ్లకు పంచుతుంది. ఆస్తి విలువ తక్కువగా ఉన్న ఊరికి తలసరి వాటా ఎక్కువ వస్తుంది. ఊరి కౌన్సిల్‌లో 5 నుంచి 22 మంది వరకు సభ్యులు ఉంటారు. వారిని మేయర్ గానీ, టౌన్ పాలకవర్గం గానీ నియమిస్తుంది. ఎన్నికైన ప్రజాప్రతినిధులు ఇందులో ఉండకూడదు. పదవీకాలం మూడేళ్లు, వరసగా రెండుసార్లకు మించి కొనసాగకూడదు. బహిరంగ సమావేశాల చట్టం, స్వప్రయోజన నిరోధక నియమాలు సభ్యులకు వర్తిస్తాయి. సభ్యుడే దరఖాస్తుదారైతే ఆ చర్చ నుంచీ ఓటింగ్ నుంచీ తప్పుకోవాలి. సంఘం పెద్దల్లో ఒకరు కౌన్సిల్ సభ్యుడిగా ఉంటే పని సులువవుతుందని కొందరు అనుకుంటారు. నిజానికి ఆ దరఖాస్తు వచ్చినప్పుడు ఆయన నోరు విప్పడానికి వీల్లేదు.

అర్హత ఇక్కడ రెండు అంచెల్లో ఉంటుంది. మొదటిది రాష్ట్రమంతటా ఒకటే: పని కళలకో, మానవీయ శాస్త్రాలకో, విజ్ఞాన శాస్త్ర విషయాలను ప్రజలకు వివరించే పనికో చెందాలి, ప్రజలకు మేలు జరగాలి, వివక్ష ఉండకూడదు. వ్యక్తులైతే మసాచుసెట్స్ నివాసులై ఉండాలి, 18 ఏళ్లు నిండాలి. సంస్థలకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను మినహాయింపు తప్పనిసరి కాదు. రాష్ట్రంలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైనా చాలు. ఉమ్మడి లక్ష్యంతో పనిచేసే, నమోదు కాని బృందాలకు కూడా దారి ఉంది. ఈ చివరి వెసులుబాటు అమెరికాలో చాలాచోట్ల దొరకదు. ఇప్పుడిప్పుడే మొదలైన నాటక బృందానికి, నెలనెలా కలిసే కథా పఠన బృందానికి ఇది ఎంతో విలువైనది.

రెండో అంచెలో ప్రతి ఊరి కౌన్సిల్ తన ప్రాధాన్యాలను చేర్చుకుంటుంది. వాటిని దరఖాస్తుల కాలానికి ముందే ప్రకటించాలి. ఒక ఊరు స్థానిక కళాకారులకు పెద్దపీట వేస్తుంది. ఇంకొకటి పాఠశాల పిల్లలకు, వృద్ధుల కేంద్రాలకు చేరే కార్యక్రమాలు కోరుతుంది. చాలా కౌన్సిళ్లు వేదిక ఖాయమైందని చూపే లేఖను దరఖాస్తుతో పాటే అడుగుతాయి. కార్యక్రమం ఆ ఊళ్లో జరగకపోతే స్థానికులకు ఏం లాభమో రాతపూర్వకంగా చెప్పమంటాయి.

దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబర్ 1న మొదలై అక్టోబర్ మధ్యలో ముగుస్తాయి. ఒకే కార్యక్రమానికి ఎన్ని ఊళ్లకైనా విడివిడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒకే ఉత్తరాన్ని ఇరవై కౌన్సిళ్లకు పంపితే ఏ కౌన్సిల్‌కూ అది తమ ఊరి కోసం రాసినట్టు అనిపించదు. గ్రాంట్లు చిన్నవి, ఎక్కువగా కొన్ని వందల డాలర్ల నుంచి రెండు మూడు వేల డాలర్ల లోపే ఉంటాయి. ఆ కొద్ది సొమ్ము కోసం అడిగేవాళ్లు ఎక్కువ. అందువల్ల ఆ ఊరి గ్రంథాలయం పేరు, హాలు పేరు, తేదీ, ఆ ఊళ్లో ఎవరికి కబురు అందుతుందనే వివరం ఉన్న దరఖాస్తే ముందుకు వస్తుంది. ఇరవై ఊళ్లకు పంపే బదులు నాలుగు ఊళ్లను ఎంచుకుని, ప్రతి ఊళ్లో వేదిక ఖాయం చేసుకుని రాయడం మేలు.

ప్రజలకు మేలు అనే షరతును కూడా చాలామంది పొరబాటుగా అర్థం చేసుకుంటారు. ప్రవేశం ఉచితమై తీరాలని గానీ, వందల మంది రావాలని గానీ దాని అర్థం కాదు. మేలు ఒక వ్యక్తికో, మూసి ఉన్న ఒక బృందానికో పరిమితం కాకూడదు. కొత్త రచన కోసం రచయిత వ్యక్తిగతంగా అడగవచ్చు, ఆ రచన తర్వాత ప్రజల ముందుకు ఎలా వస్తుందో చెప్పగలిగితే చాలు. సభ్యులకు మాత్రమే ప్రవేశం ఉన్న ఉగాది విందుకు మాత్రం ఈ షరతు తీరదు. అదే ఉగాది రోజున టౌన్ గ్రంథాలయంలో అందరికీ తలుపులు తెరిచి, ఇంగ్లీషులో వివరణతో కవి సమ్మేళనం పెడితే తీరుతుంది.

హోటల్ గది పన్ను: టెక్సాస్

ఇర్వింగ్, ప్లేనో వంటి డాలస్ శివారు నగరాల్లో తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారు. టెక్సాస్ నగరాల్లో కళలకు వచ్చే ప్రభుత్వ సొమ్ములో ముఖ్యమైన వాటా హోటల్ గదుల మీద వేసే పన్నుదే. ఇర్వింగ్ ఆర్ట్స్ సెంటర్ నడిచేది ప్రధానంగా ఈ ఆదాయంతోనే. రాష్ట్ర పన్ను నిబంధనావళిలోని 351వ అధ్యాయం ఈ డబ్బును దేనికి ఖర్చు పెట్టవచ్చో కట్టుదిట్టంగా చెబుతుంది.

అక్కడ రెండు పరీక్షలు ఉన్నాయి. మొదటిది: ఖర్చు పర్యాటకాన్ని, హోటల్ వ్యాపారాన్ని నేరుగా పెంచాలి. రెండోది: చట్టం లెక్కపెట్టిన అవసరాల్లో ఏదో ఒకదాని కిందికి రావాలి. వాటిలో కళల ప్రోత్సాహం ఒకటి. కళల వాటాకు పైపరిమితి కూడా ఉంది. చాలా నగరాల్లో అది ఆ పన్ను ఆదాయంలో 15 శాతం, లేదా గది ధర మీద ఒక శాతం చొప్పున వచ్చే మొత్తం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది.

రెండో పరీక్ష సులువు. చట్టం కళల కింద సంగీతం, నాట్యం, నాటకం, జానపద కళ, సృజనాత్మక రచన, చిత్రలేఖనం, శిల్పం, ఛాయాచిత్రం, సినిమా అంటూ చాలా విశాలంగా రాసింది. తోలుబొమ్మలాటైనా, అష్టావధానమైనా ఇందులో ఇమడడానికి ఇబ్బంది లేదు. చాలా దరఖాస్తులు ఆగిపోయేది మొదటి పరీక్షలో. ప్రతి ఆదివారం జరిగే నాట్య శిక్షణ ఎంత గొప్పదైనా దాని కోసం ఎవరూ హోటల్లో దిగరు. అదే పాఠశాల రెండు రోజుల కూచిపూడి ఉత్సవం పెట్టి హ్యూస్టన్, ఆస్టిన్, ఓక్లహోమా నుంచి బృందాలను పిలిస్తే పరిస్థితి మారుతుంది.

ఈ తరహా గ్రాంటు అడిగేవారు సాక్ష్యం ముందే సమకూర్చుకోవాలి. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలిసేలా టికెట్ లేదా రిజిస్ట్రేషన్ ఫారంలో జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) తీసుకోవాలి. దగ్గర్లోని హోటల్‌తో మాట్లాడి కార్యక్రమం పేరు మీద కొన్ని గదులను విడిగా కేటాయింపజేసుకోవాలి. ఎన్ని గదులు, ఎన్ని రాత్రులు అమ్ముడయ్యాయో హోటల్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రచారం ఖర్చులో కొంత వాటా ఆ నగరం బయట పెట్టాలి. కార్యక్రమం అయిపోయాక ఈ లెక్కలను వెనక్కి వెళ్లి తయారు చేయడం దాదాపు అసాధ్యం. వచ్చేవాళ్లంతా బంధువుల ఇళ్లలోనే దిగుతారన్నది మన సంఘాలకు ఇక్కడ నిజంగా నష్టం చేసే విషయం. వెయ్యి మంది వచ్చినా హోటల్ రాత్రుల సంఖ్య పదికి మించకపోవచ్చు.

కళల కార్యక్రమాలు నడిపే బాధ్యతను నగరం బయటి సంస్థకు ఒప్పందం మీద అప్పగిస్తే, ఆ సంస్థ ఈ సొమ్మును వేరే డబ్బుతో కలపకుండా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, కనీసం మూడు నెలలకోసారి ఖర్చుల నివేదిక ఇవ్వాలి. సంఘానికి ఒకే బ్యాంకు ఖాతా ఉండి, పిక్నిక్ చందాలు, హాలు అద్దె, గ్రాంటు సొమ్ము అన్నీ అందులోనే తిరిగితే తనిఖీ రోజున చిక్కు తప్పదు.

ప్రధాన లక్ష్యం అనే గీత: డెన్వర్

కొలరాడోలో డెన్వర్ చుట్టూ ఉన్న ఆరు కౌంటీల (ఇప్పుడవి ఏడు) ఓటర్లు 1988లో తమ మీద తామే ఒక చిన్న అమ్మకం పన్ను వేసుకున్నారు. ప్రతి పది డాలర్ల కొనుగోలు మీద ఒక సెంటు శాస్త్ర, సాంస్కృతిక సంస్థలకు వెళ్తుంది. ఆ తర్వాత 1994, 2004, 2016లలో దాన్ని మళ్లీ ఆమోదించారు. సొమ్ము మూడు శ్రేణుల్లో పంచుతారు. మొదటి శ్రేణిలో కళా మ్యూజియం, జంతు ప్రదర్శనశాల, వృక్షోద్యానం వంటి అయిదు పెద్ద సంస్థలు ఉన్నాయి. చిన్న సంస్థలన్నీ మూడో శ్రేణిలోకి వస్తాయి, వాటి దరఖాస్తులను ఆయా కౌంటీల సాంస్కృతిక మండళ్లు పరిశీలిస్తాయి.

ఇక్కడ కార్యక్రమం కన్నా సంస్థ ముఖ్యం. లాభాపేక్ష లేని సంస్థ ప్రధాన లక్ష్యమే కళ, సంగీతం, నాటకం, నాట్యం, జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, ప్రకృతి చరిత్ర, సాంస్కృతిక చరిత్రల్లో ఏదో ఒకటి కావాలి. విద్యాసంస్థలు, రాష్ట్ర ప్రభుత్వ శాఖలు, రేడియో, టీవీ కేంద్రాలు, పత్రికలు అర్హత పరిధికి బయటే. దేవాలయం ఏడాదికి పది నాట్య ప్రదర్శనలు పెట్టినా దాని ప్రధాన లక్ష్యం పూజే. తెలుగు బడి పిల్లలకు పద్యాలు నేర్పినా దాని ప్రధాన లక్ష్యం చదువే. ఆ ప్రదర్శనలనే ఒక ప్రత్యేక నాట్య సంస్థ, తన నియమావళి, తన పాలకవర్గం, తన ఖాతాలతో నిర్వహిస్తే దాని దారి వేరు.

టెక్సాస్ చట్టం సృజనాత్మక రచనను పేరుపెట్టి చెప్పింది. కొలరాడో జాబితాలో సాహిత్యానికి విడిగా చోటు లేదు. సాహిత్య సంస్థ అక్కడ తన పనిని సాంస్కృతిక చరిత్ర కిందో, ప్రదర్శన కళ కిందో నిరూపించుకోవాలి. రెండు చట్టాలూ కళలను ప్రేమించినవే, కానీ ఒకటి హోటళ్ల కోసం పుట్టింది, ఇంకొకటి మ్యూజియాలూ జంతు ప్రదర్శనశాలా నిలబడడం కోసం పుట్టింది. నిర్వచనాలు ఆ అవసరాలను బట్టే వచ్చాయి.

వ్యక్తి, సంస్థ, మధ్యలో పూచీ

వాషింగ్టన్ నగరంలో కళలు, మానవీయ శాస్త్రాల కమిషన్ 1968 నుంచి ఉంది. అది వ్యక్తులకు ఫెలోషిప్‌లు ఇస్తుంది. అయితే నివాసం విషయంలో పట్టుదల ఎక్కువ: దరఖాస్తుకు కనీసం ఏడాది ముందు నుంచి ఆ నగర సరిహద్దులోనే నివసిస్తూ ఉండాలి, గ్రాంటు కాలమంతా కొనసాగాలి. మెట్రో రైలు దూరంలో ఉన్న వర్జీనియా, మేరీల్యాండ్ శివార్ల వాళ్లకు అర్హత లేదు. నగరానికి పన్ను బకాయిలు లేవని ధ్రువపత్రం కూడా కావాలి. న్యూయార్క్ నగర సాంస్కృతిక శాఖ ప్రధాన నిధి దీనికి భిన్నం. అది పన్ను మినహాయింపు ఉన్న సంస్థలకే ఇస్తుంది. వ్యక్తులకూ చిన్న బృందాలకూ బరోల (నగరంలోని విభాగాల) స్థాయిలో పునఃపంపిణీ గ్రాంట్లు ఉంటాయి.

501 సి 3 హోదా, అంటే ప్రజాహిత సంస్థలకు ఇచ్చే ఫెడరల్ పన్ను మినహాయింపు, చాలాచోట్ల మొదటి గడప. తెలుగు సంఘాల్లో కొన్ని ఈ హోదాతో, కొన్ని 501 సి 7 కింద సభ్యుల క్లబ్బులుగా, మరికొన్ని రాష్ట్ర స్థాయి నమోదుతో మాత్రమే ఉన్నాయి. క్లబ్బు హోదాకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్నా, దాని ఉద్దేశం సభ్యుల వినోదం కాబట్టి గ్రాంట్లకు పనికిరాదు. ఫారం 990 అనే వార్షిక లెక్కల పత్రాన్ని వరసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. చందాలు తక్కువ కదా, దాఖలు అక్కర్లేదు అనుకునే చిన్న సంఘాలు చాలా వరకు ఇలాగే హోదా పోగొట్టుకుంటాయి. స్థూల ఆదాయం మామూలుగా 50 వేల డాలర్లకు మించని సంస్థ కూడా ఎలక్ట్రానిక్ పోస్ట్‌కార్డు అనే చిన్న ఫారం ఏటా పంపాలి. దరఖాస్తు పెట్టే ముందు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు వెతికి హోదా సజీవంగా ఉందో లేదో చూసుకోవాలి.

హోదా లేని బృందం ఫిస్కల్ స్పాన్సర్ ద్వారా వెళ్లవచ్చు. అంటే మినహాయింపు ఉన్న మరో సంస్థ పేరు మీద గ్రాంటు తీసుకుని, దాని ఖాతా ద్వారా ఖర్చు పెట్టడం. సాధారణంగా 5 నుంచి 10 శాతం వరకు నిర్వహణ రుసుము పోతుంది. లెక్కలకు చట్టరీత్యా జవాబుదారీ స్పాన్సరే. కొన్ని నగరాలు ఈ పద్ధతిని ఒప్పుకోవు, కొన్ని ఒప్పుకున్నా స్పాన్సర్ కూడా స్థానిక సంస్థే కావాలంటాయి. రాతపూర్వక ఒప్పందం లేకుండా స్నేహం మీద నడిచే పూచీ రెండు సంస్థలకూ ప్రమాదమే.

వ్యక్తిగతంగా అడిగేవారికి ఇంకో జాగ్రత్త అవసరం. గ్రాంటు నిబంధనలు ఎక్కువగా అడిగేది నివాసాన్నే, పౌరసత్వాన్ని కాదు. అందువల్ల హెచ్1బి మీద ఉన్న నాట్యకారిణి కాగితం మీద అర్హురాలిగానే కనిపిస్తుంది. కానీ హెచ్1బి అనుమతి ఆ వీసా ఇప్పించిన యజమాని దగ్గర చేసే పనికే. ప్రదర్శనకో, పాఠాలకో ప్రతిఫలంగా వ్యక్తిగత ఖాతాలోకి వచ్చే గ్రాంటు అనుమతి లేని ఉపాధిగా లెక్కకు రావచ్చు. పని అనుమతి కార్డు లేని హెచ్4 వారిదీ, విద్యార్థి వీసా వారిదీ అదే చిక్కు. గ్రాంటు ఇచ్చే కార్యాలయం దీన్ని తనిఖీ చేయదు, భారమంతా తీసుకునేవారిదే. సంతకం చేసే ముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగాలి. చాలా సందర్భాల్లో సంస్థ పేరు మీద దరఖాస్తు పెట్టి, పారితోషికం వేరే అర్హులైన కళాకారులకు చెల్లించే పద్ధతి సురక్షితం.

గుడి హాలు, భక్తి, కళ

మన శాస్త్రీయ కళల్లో సాహిత్యం ఎక్కువగా దేవుడి చుట్టూ తిరుగుతుంది. కాబట్టి మతం గురించిన షరతు తెలుగువారిని మిగతా వారికన్నా ఎక్కువగా కలవరపెడుతుంది. సాధారణ సూత్రం ఇది: ప్రభుత్వ సొమ్ముతో కళను, అధ్యయనాన్ని ప్రోత్సహించవచ్చు, ఆరాధనను కాదు. త్యాగరాజ కృతుల కచేరీ సంగీతం. భామాకలాపం నాటకం. రామాయణ కథల తులనాత్మక ప్రసంగం మానవీయ శాస్త్రం. సీతారామ కల్యాణం పూజారి నడిపిస్తే అది ఆరాధన, అదే కథను యక్షగానంగా ప్రదర్శిస్తే కళ.

వేదిక గుడిలోదే అయినంత మాత్రాన తిరస్కరించాలని లేదు. ప్రవేశానికి మతపరమైన షరతు ఉందా, కార్యక్రమం మధ్యలో పూజ ఉందా, హాలు అద్దె గుడికి చందాగా మారుతోందా అని చూస్తారు. త్యాగరాజ ఆరాధన అనే పేరును దరఖాస్తులో ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మారిస్తే ఆరాధన అన్న అర్థమే పైకి వస్తుంది. 18, 19 శతాబ్దాల్లో జీవించిన ఆ వాగ్గేయకారుడి స్మారక సంగీతోత్సవమని రాయడంలో అబద్ధమేమీ లేదు, చదివేవాళ్లకు విషయమూ అర్థమవుతుంది.

మసాచుసెట్స్‌లో రాష్ట్ర రాజ్యాంగం ఇంకొంచెం కఠినం. ప్రైవేటు, మత సంస్థల పోషణకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వకూడదన్న సవరణ అక్కడ ఉంది. యాక్టన్ టౌన్ ఒక చర్చికి చారిత్రక పరిరక్షణ నిధి నుంచి ఇవ్వబోయిన గ్రాంట్ల మీద 2018లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. మతచిహ్నాలున్న రంగుటద్దాల కిటికీల మరమ్మతుకు సొమ్ము ఇవ్వడాన్ని ఆపింది. భవనాల ప్రణాళిక గ్రాంటును ఇంకా లోతుగా పరిశీలించమంది. మరోవైపు 2020, 2022లలో ఫెడరల్ సుప్రీంకోర్టు పాఠశాలల సాయం కేసుల్లో, అందరికీ ఇచ్చే సాయం నుంచి మత సంస్థలను మతం కారణంగానే మినహాయించడం తప్పంది. ఈ రెండు ధోరణులకు మధ్య స్థానిక కౌన్సిళ్లు నేటికీ జాగ్రత్తగానే అడుగు వేస్తున్నాయి. అందుకే కట్టడాలకు అడిగే దరఖాస్తుకన్నా ప్రదర్శనకు అడిగేది సులువుగా గట్టెక్కుతుంది.

మానవీయ శాస్త్రాల కిందికి ఏమేం వస్తాయి

కళ ఏదో చూడగానే తెలుస్తుంది. మానవీయ శాస్త్రాల దగ్గరే తడబాటు. 1965 నాటి ఫెడరల్ చట్టం భాషలు, భాషాశాస్త్రం, సాహిత్యం, చరిత్ర, న్యాయశాస్త్రం, తత్త్వశాస్త్రం, పురావస్తు శాస్త్రం, తులనాత్మక మత అధ్యయనం, నీతిశాస్త్రం, కళల చరిత్ర, విమర్శ, సిద్ధాంతాలను ఇందులో చేర్చింది. స్థానిక సంస్థలు ఎక్కువగా ఈ నిర్వచనాన్నే అనుసరిస్తాయి.

ఈ లెక్కన కథానిక చదవడం కళల కిందికి వస్తుంది, దాని మీద చర్చ మానవీయ శాస్త్రాల కిందికి వస్తుంది. కూచిపూడి ప్రదర్శన ఒక విభాగం, ఆ నాట్యం పల్లె భాగవతుల మేళం నుంచి సభా వేదికకు ఎలా వచ్చిందన్న ప్రసంగం ఇంకో విభాగం. తొలితరం వలస కుటుంబాల మౌఖిక చరిత్రలను రికార్డు చేసి గ్రంథాలయానికి ఇవ్వడం ఈ రంగానికి అచ్చంగా సరిపోయే పని. అయినా తెలుగు సంస్థలు దాన్ని అంతగా అడగడం లేదు. నాట్యం, సంగీతం విభాగంలో పోటీ ఎప్పుడూ ఎక్కువే. మంచి పండితుడినో, చరిత్రకారుడినో తోడు చేసుకున్న మానవీయ శాస్త్రాల దరఖాస్తుకు చాలాచోట్ల పోటీ తక్కువ. వారి పేరు, అర్హతలు, అంగీకార లేఖ జతచేయాలి. నిపుణుడు లేని సాంస్కృతిక ప్రసంగం పరిశీలకుల దగ్గర నిలబడదు.

బడ్జెట్ పట్టికలో జారిపోయేవి

అర్హత ఉన్న దరఖాస్తులు కూడా లెక్కల దగ్గర తప్పుతాయి. భోజనాలు, బహుమతులు, విరాళాల సేకరణ విందులు, ప్రయాణాల పెద్ద ఖర్చులు, భవనాల కొనుగోలు అనేకచోట్ల అనర్హం. భారతదేశం నుంచి కళాకారుడిని పిలిపిస్తే విమాన టికెట్‌ను గ్రాంటులో చూపకుండా పారితోషికం, హాలు, ధ్వని, ప్రచారం ఖర్చులను చూపడం సురక్షితం. ఆ కళాకారుడి వీసా పారితోషికానికి అనుమతించేదో కాదో ముందే చూడాలి. సందర్శక వీసా మీద వచ్చినవారికి చెల్లింపు రాస్తే పట్టికే సాక్ష్యమవుతుంది.

సమాన వాటా అడిగే చోట వంద డాలర్ల గ్రాంటుకు మరో వంద వేరే చోట నుంచి చూపాలి. అందులో సగం వరకు శ్రమదానం, ఉచిత హాలు వంటి వస్తురూప సాయాన్ని ఒప్పుకునే నగరాలు ఉన్నాయి. స్వచ్ఛంద సేవ గంటలకు హాజరు పట్టిక, హాలుకు మామూలు అద్దె ఎంతో తెలిపే లేఖ ఉండాలి. ఆదాయం, ఖర్చు మొత్తాలు డాలరుతో సహా సరిపోవాలి. గ్రాంటు కాలం మొదలుకాకముందే పెట్టిన ఖర్చు, అంటే నవంబర్‌లో కొన్న దుస్తులకు జనవరి గ్రాంటు నుంచి చెల్లించడం, దాదాపు ఎక్కడా కుదరదు. సొమ్ము ముందే ఇచ్చే చోట్లు, ఖర్చయ్యాక రసీదుల మీద ఇచ్చేవి రెండూ ఉన్నాయి. రెండో తరహాలో చేతిలో పెట్టుబడి లేని సంస్థ మధ్యలో ఆగిపోతుంది. వ్యక్తికి వచ్చిన గ్రాంటు మామూలుగా పన్ను పడే ఆదాయమే.

మన రాష్ట్రాల్లో ఈ ప్రశ్న ఎందుకు రాదు

భారత రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు గ్రంథాలయాలు, సాంస్కృతిక కార్యక్రమాలు అప్పగించింది. 12వ షెడ్యూల్‌లో పురపాలికలకు సాంస్కృతిక, విద్యా, సౌందర్యాంశాల ప్రోత్సాహం ఉంది. అయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పంచాయతీకో పురపాలికకో దరఖాస్తు పెట్టి కళా గ్రాంటు తీసుకునే క్రమబద్ధమైన పద్ధతి నెలకొనలేదు. స్థానిక పన్నులో సంస్కృతికి చట్టబద్ధంగా కేటాయించిన వాటా ఒకటే గట్టిగా ఉంది: 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. చట్టమే గ్రహీతను నిర్ణయించింది కాబట్టి పోటీ లేదు, దరఖాస్తు లేదు, వసూలైన సెస్సును స్థానిక సంస్థ సకాలంలో బదిలీ చేస్తుందా అన్నదే సమస్య.

కళాబృందాలకు ఇక్కడ దారి కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలు, రాష్ట్రాల భాషా సాంస్కృతిక శాఖలు. కేంద్ర పథకాల్లో సంస్థకు కొన్నేళ్ల నమోదు, ఆడిట్ లెక్కలు, దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) పోర్టల్ నమోదు, గత గ్రాంటుకు వినియోగ ధ్రువపత్రం అడుగుతారు. నిర్ణయం ఢిల్లీలోనో రాజధానిలోనో జరుగుతుంది. ఊరి గ్రంథాలయం హాల్లో ఎంతమంది వింటారో తెలిసిన కమిటీ ఆ ఊళ్లోనే కూర్చుని నిర్ణయించే మసాచుసెట్స్ పద్ధతికి ఇక్కడ సాటి వచ్చేది లేదు. గ్రంథాలయ సెస్సులాగే ఆస్తిపన్నులో చిన్న వాటాను కళలకు కేటాయించి స్థానిక కమిటీ చేత పంచిపెట్టించడానికి 12వ షెడ్యూల్ అడ్డు కాదు, కావలసింది రాష్ట్ర చట్టం.

తిరస్కరణ లేఖ వచ్చాక

లేఖలో రాసిన కారణం అర్హతకు సంబంధించినదా, పోటీలో వెనకబడటమా అన్నది ముందు వేరుచేసి చూడాలి. అర్హత లేదన్నప్పుడు దరఖాస్తును ఎంత మెరుగుపరిచినా ఫలితం ఉండదు, ఆ పని వేరే నిధికి తగినదేమో చూడాలి. వారాంతపు శిక్షణ తరగతి హోటల్ పన్ను నిధికి పనికిరాకపోయినా నగర సాధారణ బడ్జెట్ నుంచి వచ్చే విద్యా కళల గ్రాంటుకు సరిపోవచ్చు. పోటీలో వెనకబడితే పరిశీలకుల వ్యాఖ్యలు అడిగి తీసుకోవాలి. చాలా కార్యాలయాలు అడిగినవారికి ఇస్తాయి, అడిగేవారే తక్కువ.

మసాచుసెట్స్‌లో పునఃపరిశీలన కోరడానికి తిరస్కరణ లేఖ తేదీ నుంచి 15 రోజుల గడువు ఉంది. కౌన్సిల్ తాను ప్రకటించిన పద్ధతిని పాటించలేదని చూపగలిగితేనే అది నిలుస్తుంది. నిర్ణయం నచ్చలేదన్నది కారణంగా చెల్లదు. సమావేశం మినిట్స్ బహిరంగ పత్రాలు కాబట్టి అడిగి చదవవచ్చు. ఇంకా మెరుగైన పని, మరుసటి ఏడాది సెప్టెంబర్‌కు ముందే ఆ కౌన్సిల్ బహిరంగ సమావేశానికి వెళ్లి ఈసారి వారి ప్రాధాన్యాలేమిటో వినడం. ప్రాధాన్యాలు నిర్ణయించేటప్పుడు కౌన్సిళ్లు ఊరివాళ్ల అభిప్రాయం తీసుకోవాలి కూడా. ఆ సమావేశంలో నలుగురు తెలుగువాళ్లు కూర్చుని తమ ఊళ్లో ఏ కళలు ఉన్నాయో చెబితే, వచ్చే ఏడాది ప్రకటనలో ఆ మాటకు చోటు దొరికే అవకాశం ఉంటుంది.